వన్స్ మోర్ అన్నవాళ్ళ కథ

2022 ఆగస్టులో మహేష్ బాబు పుట్టినరోజుకి 'పోకిరి'ని మళ్ళీ థియేటర్లలో వేశారు, గుర్తుందా? 2006 నాటి సినిమా. టీవీలో ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, ఫోన్లో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకోవచ్చు. అయినా టికెట్లు దొరకలేదు. ఎలాగో ఒకటి సంపాదించి నేనూ వెళ్ళాను. పక్క సీట్లో కుర్రాడికి పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి. సినిమా మొదటిసారి వచ్చినప్పుడు వాడికి మూడేళ్ళుంటాయేమో. ప్రతి డైలాగూ హీరో కంటే అరక్షణం ముందు వాడి నోట్లోంచి వస్తోంది. పాట మొదలవగానే సగం హాలు తెర ముందుకి పరిగెత్తింది. మిగతా సగం ఫోన్లెత్తి ఆ సగాన్ని వీడియో తీసింది. తెర మీద ఏం జరుగుతోందో అందరికీ తెలుసు కాబట్టి అటు చూడాల్సిన పని ఎవరికీ లేదు. పాట అయిపోయాక వెనక వరసల్లోంచి ఒక గొంతు గట్టిగా అరిచింది: "వన్స్ మోర్!" ఇంకో పాతిక గొంతులు అందుకున్నాయి. ఆపరేటర్ నిజంగానే పాట మళ్ళీ వేశాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు. వేలితో ఒక్కసారి తాకితే ఏ పాటైనా మళ్ళీ మొదలయ్యే రోజుల్లో, ఆ కుర్రాళ్ళకి 'వన్స్ మోర్' అని అడగాలని ఎవరు నేర్పారు? వాళ్ళ తాతలకి ఎవరు నేర్పారో మాత్రం తెలుసు. ఆ మాట మన సినిమా కంటే పాతది. ఇంగ్లీషు అక్షరం ముక్క రాని ఊళ్ళలో, పెట్రోమాక్సు లైట్ల వెలుగులో, అర్ధరాత్రి దాటాక గొంతు చించుకుని అరిచిన మాట అది. తమాషా ఏంటంటే, ఇంగ్లీషువాళ్ళు కచేరీల్లో 'వన్స్ మోర్' అనరు, 'ఆంకోర్' అని ఫ్రెంచి మాట అరుస్తారు. ఫ్రెంచివాళ్ళేమో 'బిస్' అని లాటిన్ మాట అరుస్తారు. అడుక్కునేటప్పుడు సొంత భాష వాడటానికి ఎవరికైనా మొహమాటమేనేమో.

మనకి ఇది పద్యనాటకం ఇచ్చిన అలవాటు. పంతొమ్మిదో శతాబ్దం చివర బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకాల్లోకి రాగాలు తెచ్చిన దగ్గర్నుంచి, తెలుగు నాటకం అంటే కథ కంటే పద్యమే ముఖ్యం అయిపోయింది. జనం రాయబారం చూడ్డానికి వెళ్ళింది యుద్ధం జరుగుతుందో లేదో తెలుసుకోవడానికి కాదు కదా. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు, చదువురాని రైతుకి కూడా నోటికొచ్చు. వచ్చిన పద్యాన్ని ఈ నటుడు ఎలా పాడతాడో చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. అంటే 'పోకిరి' ఆటలో నా పక్క కుర్రాడు చేసిన పనే.

ఇది కాంట్రాక్టు నాటకాల కాలానికి బాగా ముదిరింది. ఒక కాంట్రాక్టరు నాలుగు ఊళ్ళ నించి పేరున్న నటుల్ని ఒక రాత్రికి కట్టగట్టి తెచ్చేవాడు. ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, ఒక్కోసారి మూడో కృష్ణుడు. నిద్ర లేపే సీనులో ఒకాయన, రాయబారం సీనుకి ఇంకొకాయన. పీసపాటి వర్గం ఒకవైపు, షణ్ముఖి ఆంజనేయరాజు వర్గం మరోవైపు. ఈ రోజుల్లో 'ఫ్యాన్ వార్' అంటున్నాం, అప్పట్లో దానికి పేరు లేదు, అంతే తేడా. హార్మోనిస్టుకి కూడా అభిమానులుండేవాళ్ళు. నటుడి రాగాన్ని హార్మోనియం అందుకోలేకపోతే ఒక వర్గం ఈల, అందుకుని ఓ మెట్టు పైకి తీసుకెళ్తే ఇంకో వర్గం ఈల.

బళ్ళారి రాఘవకి ఈ రాగాల గోల నచ్చేది కాదు. పద్యాన్ని మాటలా పలకాలి, పాత్ర గుండెలోంచి రావాలి అన్నది ఆయన పట్టు. చచ్చిపోయిన లోహితాస్యుణ్ణి ఒళ్ళో పెట్టుకున్న చంద్రమతి, 'వన్స్ మోర్' అనగానే మళ్ళీ మొదటి నించీ ఏడవటం ఏ నటధర్మం అన్న ప్రశ్నలో న్యాయం ఉంది. నేను ఆ రోజుల్లో ఉంటే మర్యాదగా రాఘవ పక్షాన వ్యాసం రాసి, రాత్రికి వెళ్ళి 'వన్స్ మోర్' అనే ముందు వరసలో కూర్చునేవాణ్ణి.

ఎందుకంటే ఆ రెండోసారి పాడటంలో ఒక సంగతి ఉంది. స్థానం నరసింహారావు గురించి చెప్తారు. 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో స్త్రీ పాత్రలు వేసి, 1956లో పద్మశ్రీ అందుకున్నాడు. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా ఆయన పాడే 'మీరజాలగలడా' ఆయన సొంత రచనే. జనం 'వన్స్ మోర్' అన్నకొద్దీ మళ్ళీ పాడేవాడు. కానీ చూసినవాళ్ళు చెప్పుకునేది అన్నిసార్లు పాడాడని కాదు, ఏ రెండుసార్లూ ఒకలా పాడలేదని. ఒకసారి గర్వం, ఇంకోసారి గారాబం, మరోసారి ఏదో తెలియని అనుమానం. అవే మాటలు, అదే వరస, మనిషి మాత్రం వేరే సత్యభామ. మహారాష్ట్రలో స్త్రీ పాత్రలే వేసిన బాల గంధర్వకీ ఈ 'వన్స్ మోర్' మర్యాద దక్కింది. 

అంటే ఆ కాలంలో 'వన్స్ మోర్'కి అర్థం 'అదే మళ్ళీ' కాదు. 'ఇంకోలా పాడు చూద్దాం' అని. అది ఒక మనిషి ఇంకో మనిషిని అడగటం. ఆ మనిషి ఒప్పుకోవచ్చు, నవ్వి తప్పించుకోవచ్చు, గొంతు బాలేదని దణ్ణం పెట్టొచ్చు.

అడగటంతో ఆగారా, రచననే మార్చేశారు. ఇవాళ 'సత్యహరిశ్చంద్ర' కాటిసీను అనగానే మనకి గుర్తొచ్చే పద్యాల్లో కొన్ని నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతంవి కావు, జాషువావి. ఆయన శ్మశానం మీద ఖండకావ్యంగా రాసుకున్న పద్యాల్ని నటులు తెచ్చి హరిశ్చంద్రుడి నోట్లో పెట్టారు, జనం ఒప్పుకున్నారు, ఇంక అవి లేకపోతే ఊరుకోలేదు. కులం పేరుతో ఎన్నో గుమ్మాల దగ్గర ఆగాల్సొచ్చిన కవి, ఈ దారిన ఎవరి అనుమతీ లేకుండా ప్రతి ఊరి రచ్చబండ మీదికీ ఎక్కాడు. ఏ సాహిత్య సభా చెయ్యని పని అది.

ఇంతలో గ్రామఫోను వచ్చింది. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాడి, పాట చివర తన పేరు ఇంగ్లీషులో చెప్పుకుంది. రికార్డులు అచ్చు వెయ్యడానికి జర్మనీ పంపేవారు, అక్కడివాళ్ళకి ఆ గొంతు ఎవరిదో తెలియాలి కాబట్టి. 1908 నించి కలకత్తాలోనే అచ్చు మొదలైంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పడుతుంది. స్టేజీ మీద ఒక్క పద్యాన్ని ఐదు, పది నిమిషాలు సాగదీసే నటుడి పరిస్థితి ఊహించుకోండి. ఆలాపన కత్తిరించాలి. సాహిత్యం గబగబా చెప్పెయ్యాలి. చివరి రాగం ప్లేటు అంచు దాటకూడదు. నాటకాలు మొత్తాన్ని కుదించి కొన్ని ప్లేట్ల సెట్లుగా కూడా అమ్మారు.

గ్రామఫోనుతో మొదటిసారి 'వన్స్ మోర్'కి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. ముల్లు ఎత్తి మళ్ళీ మొదట్లో పెడితే చాలు. నటుడికి అలసట లేదు, వినేవాడికి మొహమాటం లేదు. కానీ ఎన్నిసార్లు పెట్టినా సత్యభామ ఒకే సత్యభామ. పైగా ఆ మూడు నిమిషాల కొలత మెల్లగా చెవికి అలవాటైంది. ఘంటసాల సినిమాల్లో పద్యం పాడిన తీరు చూడండి. ఆలాపన తక్కువ, భావం ఎక్కువ, మాట స్పష్టం. అది ఆయన ప్రతిభ, సందేహం లేదు. కానీ ఆ ప్రతిభ మెలిగిన గది కొలతలు ప్లేటూ, రీలూ నిర్ణయించినవి అని నా అనుమానం. రాఘవ వాదించి గెలవలేకపోయిన వాదాన్ని యంత్రం ఒక్క మాట మాట్లాడకుండా గెలిచింది.

సినిమా గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన కథే. మొదటి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. మూలం ధర్మవరం నాటకం, నటులు సురభివాళ్ళు, అంటే నాటకం నడిచొచ్చి తెర మీద కూర్చుంది. దాంతోపాటు జనం అలవాట్లు కూడా హాల్లోకొచ్చాయి. పాట నచ్చితే 'వన్స్ మోర్'. వెయ్యి అడుగుల రీలు దాదాపు పదకొండు నిమిషాలు. ఆపరేటర్ దాన్ని ఆపి, వెనక్కి తిప్పి, పాట మొదలు వెతికి మళ్ళీ ఎక్కించాలి. నటుడు పడాల్సిన శ్రమ ఇప్పుడు ప్రొజెక్టరు గదిలో చెమటలు కక్కే మనిషి పడ్డాడు, అదీ మేనేజరు ఒప్పుకుంటేనే. 1966లో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమాలో 'మీరజాలగలడా'ని సుశీల పాడింది, జమున అభినయించింది. మనలో చాలామందికి ఆ పాట అంటే అదే. అద్భుతమైన పాట. ఎప్పుడు విన్నా అదే అద్భుతం.

ఇంటర్వెల్లో అమ్మే పాటల పుస్తకం సంగతి మాత్రం చెప్పాలి. పల్చటి కాయితం, నటీనటుల పేర్లు, సగం కథ, 'మిగతా వెండితెరపై చూడండి' అన్న ఊరింపు, తర్వాత పాటలు. గొంతు లేని 'వన్స్ మోర్' అది. ఇంటికెళ్ళి నువ్వే పాడుకో. క్యాసెట్లొచ్చాక ఆ పుస్తకం చచ్చిపోయిందనుకున్నాం. యూట్యూబులో 'లిరికల్ వీడియో' పేరుతో తిరిగొచ్చింది చూశారా?

అడగటం అనే పని అసలైన రూపం దాల్చింది రేడియోలో. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటంటే చిరాకు. ఆకాశవాణిలో సినిమా పాటలు తగ్గించారు, పాట వేసినా సినిమా పేరు చెప్పొద్దన్నారు, నిర్మాతలకి కోపం వచ్చింది, చివరికి పాటలు దాదాపు మాయమయ్యాయి. దీనివల్ల మనకి ఒక మేలు కూడా జరిగింది. ఆ ఖాళీలోనే లలిత సంగీతం పెరిగింది, బాలాంత్రపు రజనీకాంతరావులాంటి వాళ్ళకి చెయ్యడానికి చోటు దొరికింది. కానీ జనం ఊరుకుంటారా, రేడియో ముల్లు సిలోన్ వైపు తిప్పారు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యం కోసం పెట్టిన బలమైన షార్ట్‌వేవ్ ట్రాన్స్‌మిటర్ అక్కడుంది. హిందీకి అమీన్ సయానీ బినాకా గీత్‌మాలా, తెలుగుకి మీనాక్షి పొన్నుదురై గొంతు. మన పాట వినాలంటే సముద్రం అవతలి దేశం దాకా వెళ్ళాల్సొచ్చింది. 1957 అక్టోబర్ 3న వివిధభారతి మొదలుపెట్టి ప్రభుత్వం తన ఓటమిని హుందాగా ఒప్పుకుంది.

ఆ తర్వాత వచ్చిందే 'జనరంజని', మీరు కోరిన పాటలు. ఒక పోస్టుకార్డు మీద పాట పేరు, సినిమా పేరు, కోరినవాళ్ళ పేర్లు. ఉత్తరాదిలో ఝుమ్రీ తలైయా అనే చిన్న ఊరు కేవలం ఈ కార్డులవల్ల దేశమంతా తెలిసిపోయింది. మన దగ్గర అంత పేరున్న ఒక్క ఊరు లేదు గానీ, నూరు ఊళ్ళున్నాయి. పాట మొదలయ్యే ముందు అనౌన్సరు ఆ పేర్లు వరసగా చదువుతుంటే, పాట కంటే ఆ పేర్లకోసం వినేవాళ్ళే ఎక్కువ అని నాకనిపిస్తుంది.

ఇదీ నాటకం నించి వచ్చిందే. నాటకం మధ్యలో చదివింపులుండేవి. ఎవరో ముసలాయన స్టేజీ ఎక్కి నటుడి చొక్కాకి నోటు గుచ్చేవాడు, పద్యం ఆగేది, మైకులో ఆయన పేరు, ఇంటిపేరు, నూటపదహార్లు అన్న మాట వినిపించేవి. డబ్బు నటుడికి, పేరు ఊరికి. రేడియోకి ఆ నూటపదహార్లు అక్కర్లేదు, 15 పైసల కార్డు చాలు. పేరు ఊరికే కాదు, ఆకాశానికి.

మా మేనత్తకి ఆ ఆకాశం రుచి తెలుసు. కోనసీమలో పెరిగిన మనిషి, పదో తరగతి తర్వాత ఇంట్లో కూర్చోబెట్టారు. ఇంట్లోవాళ్ళకి తెలీకుండా కార్డులు రాసేది. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ, వీధరుగు మీద అందరూ వింటుండగా, తన పేరూ ఊరి పేరూ రేడియోలో వచ్చాయి. "నా పేరు మా ఇంటి గుమ్మం అవతల అంత మర్యాదగా ఎవరైనా పలకటం అదే మొదటిసారి" అంటుంది ఇప్పటికీ. పాట ఏదని అడిగితే గుర్తులేదంది. ఆ సాయంత్రం మా తాతయ్య రేడియో తీసి అటక మీద పెట్టించాడు, ఆడపిల్ల పేరు ఊరంతా వినిపించడమేంటని. రేడియో పది రోజులకి కిందికి దిగింది, ఎందుకంటే తాతయ్యకి పొలం కబుర్లు కావాలి. అత్త మళ్ళీ రాసింది. ఈసారి తమ్ముడి పేరుతో, అంటే మా నాన్న పేరుతో. కాబట్టి మా నాన్న కొన్నేళ్ళపాటు తాను అడగని పాటలకి ఊళ్ళో మంచి అభిరుచిగల కుర్రాడిగా చలామణి అయ్యాడు.

అభిమానం చరిత్ర అనగానే కటౌట్లు, పాలాభిషేకాలు, బెనిఫిట్ షోలు రాస్తాం. అవన్నీ మగపిల్లల పనులు. ఆ కాలపు అభిమానుల్లో ఎంతమంది ఇలా తమ్ముడి పేరు వెనక ఉన్నారో ఏ చరిత్రలోనూ లేదు.

1970ల్లో మైకుసెట్టువాడి రాజ్యం. పెళ్ళికీ, పండక్కీ, సమర్త ఫంక్షనుకీ ఊరంతా వినాల్సిందే. అప్పుడు పాటలతోపాటు ఒక వింత సరుకు వచ్చింది, డైలాగుల ఎల్పీలు. 'ముత్యాలముగ్గు' (1975) మాటల రికార్డులు ఎంతగా ఆడాయంటే, ముళ్ళపూడి రాసిన విలన్ మాటలు రావుగోపాలరావు గొంతులో పెళ్ళిపందిళ్ళ మీంచి వినిపించేవి. నిజంగా పెళ్ళిపందిరే! ఆ సినిమా కథ తెలిసినవాళ్ళకి ఇదెంత అపశకునమో తెలుస్తుంది, ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. తర్వాత 'దానవీరశూరకర్ణ' (1977), కొండవీటి వెంకటకవి మాటలు, ఎన్టీఆర్ గొంతు. నాటకంలో పద్యం ఎలా నోటికొచ్చేదో, ఇప్పుడు గ్రాంథికం నిండిన వచనం అలా నోటికొచ్చింది. సమాసం అంటే ఏంటో తెలీని పిల్లలు ఆ మాటలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేవారు. ప్లేటు అరిగేదాకా విన్నందువల్ల వచ్చిన విద్య అది. తెలుగు మేష్టార్లకి ఇంత సాయం ఇంకెవరూ చెయ్యలేదు.

ఇంక క్యాసెట్టు. ఫిలిప్స్ వాళ్ళు 1963లో కనిపెట్టినా, మన ఊళ్ళలోకి అది వచ్చింది 1980ల్లో, సగం గల్ఫ్ నించి వచ్చినవాళ్ళ సూట్‌కేసుల్లో. టూ-ఇన్-వన్ అనేవాళ్ళు, రేడియో, టేపు ఒకే పెట్టెలో. అప్పటిదాకా పాట వినడానికే యంత్రం. ఇది తిరిగి రికార్డు చేస్తుంది. ఈ చిన్న ఎర్ర మీట ఏం చేసిందో తెలుసుకోవాలంటే, పీటర్ మాన్యుయెల్ ఉత్తర భారతదేశం మీద రాసిన 'క్యాసెట్ కల్చర్' (1993) చదవాలి. పెద్ద కంపెనీ గుత్తాధిపత్యం పోయి, గల్లీగల్లీకి ఒక కంపెనీ, ప్రతి యాసకీ ఒక గాయకుడు వచ్చిన వైనం అందులో ఉంది. మనకీ అదే జరిగింది. డి.వి. సుబ్బారావు హరిశ్చంద్ర ఇళ్ళలోకి వచ్చింది. ఒగ్గుకథ, బతుకమ్మ పాటలు బస్టాండు కొట్లలో దొరికాయి. ఆకాశవాణి గేటు ఎప్పటికీ దాటలేని గద్దర్ పాట చేతులు మారి, చేతులు మారి, ఊరూరికీ చేరింది. ఒక రాత్రి పాడి వెళ్ళిపోయిన పాటని మర్నాడు పొద్దున్న మళ్ళీ వినొచ్చు, పోలీసులు లేనప్పుడు. అలాంటి 'వన్స్ మోర్' అంతకుముందు లేదు.

పట్నాల్లో రికార్డింగ్ సెంటర్లుండేవి. ఖాళీ క్యాసెట్టూ, పాటల జాబితా ఇస్తే రెండు రోజులకి నింపి ఇచ్చేవాళ్ళు. సిక్స్టీలో ఒక వైపు ముప్పై నిమిషాలు, నైంటీలో నలభై ఐదు. ఏ పాట తర్వాత ఏ పాట రావాలో రాత్రంతా కూర్చుని జాబితా రాసుకున్నవాళ్ళున్నారు. ప్రేమలేఖ రాయడం చేతకాని ఒక తరం జాబితాలు రాసింది. అది దొంగ కాపీయే, కాదనను. కానీ పాటల క్రమం వినేవాడి సొంతం.

ఫ్లెక్సీ గురించి అభిమానుల మీద రాసినవాళ్ళు తక్కువగా రాశారనిపిస్తుంది. కటౌటు చేత్తో గీసేది, ఖర్చు, పెద్ద పని. అందులో హీరో తప్ప ఇంకెవరికీ చోటు లేదు. ఈ శతాబ్దం మొదట్లో డిజిటల్ ప్రింటింగు చవకయ్యాక, హీరో కాళ్ళ దగ్గర వరసగా పాస్‌పోర్ట్ సైజు ఫోటోలు మొలిచాయి. చలవ కళ్ళద్దాలు, కింద పేర్లు. మనం నవ్వుకుంటాం. కానీ అది చదివింపుల మైకే, 'జనరంజని' కార్డే. తెలుగు అభిమాన సంఘాల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఎస్.వి. శ్రీనివాస్, అభిమానంలో భక్తి ఎంతో ధిక్కారమూ అంతే ఉంటుందని వాదిస్తాడు. హీరో ఎలా ఉండాలో చెప్పే హక్కు తనకుందని అభిమాని అనుకుంటాడు. నాటకంలో మూడో కృష్ణుణ్ణి 'వన్స్ మోర్' అన్న ముందు వరసవాడు కూడా సరిగ్గా అలానే అనుకున్నాడు.

తర్వాతది మీకు నాకంటే బాగా తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో డేవిడ్ వార్నర్ ఆస్ట్రేలియాలో తన ఇంట్లో కుటుంబంతో 'బుట్టబొమ్మ' ఆడాడు. టిక్‌టాక్ ఆ జూన్‌లోనే మన దేశంలో నిషేధమైపోయినా ఆ అలవాటు రీల్స్‌లోకి మారింది. 2022లో లాస్ ఏంజెలెస్ చైనీస్ థియేటర్లో తెలుగు రానివాళ్ళు తెర ముందుకెళ్ళి 'నాటు నాటు'కి గంతులేశారు, మరుసటి మార్చిలో కీరవాణి, చంద్రబోస్ ఆస్కార్ పట్టుకున్నారు. 2010లో ఎవరూ పట్టించుకోని 'ఆరెంజ్' 2023లో మళ్ళీ వేస్తే హాళ్ళు నిండాయి, జనం పాటలన్నీ మొదటి నించి చివరిదాకా గొంతెత్తి పాడారు. పదమూడేళ్ళ తర్వాత 'వన్స్ మోర్'.

స్థానం ఒక పాటని పది రకాలుగా పాడేవాడు, వినేవాళ్ళు ఒకే మాట అరిచేవాళ్ళు. ఇప్పుడు పాట ఒకటే, దాన్ని పదివేల రకాలుగా చేసేది వినేవాళ్ళు. పెళ్ళికూతురు ఒకలా, పోలీసు కానిస్టేబులు ఒకలా, ముసలావిడ మంచం మీంచే చేతులతో ఒకలా. 'ఇంకోలా చూద్దాం' అన్నది స్టేజీ దిగి జనంలోకొచ్చింది. ఇది నాకు సంతోషమే. నాకు నచ్చనిది ఇంకోటుంది. పాట విడుదలైన 24 గంటల్లో ఇన్ని వ్యూలు రావాలని, వినకపోయినా ఫోను మూగగా పక్కన పెట్టి తిప్పే పిల్లలున్నారు. అది వాళ్ళ చెవి అడిగిన 'వన్స్ మోర్' కాదు, లెక్క అడిగింది. కాంట్రాక్టరు కనీసం నటుడికి డబ్బిచ్చి తెల్లవార్లూ పాడించాడు. ఇక్కడ తెల్లవార్లూ పనిచేసేది ప్రేక్షకుడు, అదీ ఉచితంగా.

పోయినేడాది మా పెదనాన్న ఇంట్లో అటక సర్దుతుంటే ఒక సిక్స్టీ క్యాసెట్టు దొరికింది. మీద ఏమీ రాసి లేదు. టేపు నడిచే పెట్టె కోసం వారం తిరిగి, చివరికి దాన్ని ఫోన్లోకి ఎక్కించాను. 1980ల్లో ఊళ్ళో ఆడిన నాటకం. మా మావయ్య కువైట్ నించి తెచ్చిన టూ-ఇన్-వన్ పట్టుకెళ్ళి పెదనాన్న స్టేజీ ముందు కూర్చుని రికార్డు చేశాడట. కుక్కలు మొరుగుతుంటాయి, ఎవరో పిల్లాడు ఏడుస్తుంటాడు, చదివింపుల్లో పేర్లు వస్తాయి. అందులో మా తాతయ్య పేరు కూడా ఉంది, అవును, రేడియో అటకెక్కించిన తాతయ్యే. రాయబారం సీను. నటుడి పేరు ఎవరికీ గుర్తులేదు. పద్యం అయిపోతుంది. ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత 'వన్స్ మోర్' అని ఊరంతా ఒక్కసారి. హార్మోనియం మళ్ళీ శ్రుతి ఇస్తుంది. నటుడు దగ్గుతాడు. మొదటిసారి పైనించి ఎత్తుకున్నవాడు ఈసారి కింది స్థాయిలో, దాదాపు గొణుగుతున్నట్టు మొదలుపెడతాడు. మొదటి పాదం సగంలో టక్కుమని శబ్దం, ముప్పై నిమిషాలూ అయిపోయాయి.

"రెండోసారి ఎలా పాడాడు పెదనాన్నా?" అని అడిగాను.

"ఏమోరా, క్యాసెట్టు తిప్పడంలో ఉన్నాను. చీకట్లో మూత తెరుచుకోలేదు" అన్నాడు.

రెండో వైపు చప్పట్లతో మొదలవుతుంది.